గురువారాల గులాబీ వాసన

నవంబరు 18

ప్రియమైన రెయినక్కకు,

నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? మఠంలో మెట్లెక్కడం మానుకోమని డాక్టరు చెప్పినా నువ్వు వినవని నాకు తెలుసు. పోయినసారి నువ్వు "ఇంట్లో అంతా బాగేనా" అని అడిగితే బాగేనని రాశాను. అది అబద్ధం. ఆ ఆదివారమే పాపసంకీర్తనంలో ఫాదరు గారికి చెప్పుకున్నాను. అయినా నీకు చెప్పేదాకా మనసు తేలికపడేలా లేదు.

అక్కా, నీ మరిది తీరు మారిపోయింది.

ద్రాక్ష కోతల చివరి వారంలో ఆయన తన యజమాని వైను నేలమాళిగ మెట్ల మీద జారి తల వెనక దెబ్బ తగిలించుకున్నారని రాశాను కదా. బోన్ ఊరి ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచుకుని పంపించారు. గాయం మానింది. కొత్త సంగతి ఆ తర్వాతే మొదలైంది. ప్రతి గురువారం మధ్యాహ్నం నున్నగా గడ్డం గీసుకుని, పెళ్ళిళ్ళకు వేసుకునే కోటు తొడుక్కుని దిజోన్ బస్సెక్కుతున్నారు. మా ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆయన ఆ నగరానికి వెళ్ళింది వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఎందుకని అడిగితే "పీపాల పని" అంటారు. పీపాలు చేసే మనిషి మా వీధి చివరే ఉన్నాడు. చీకటి పడే వేళకు తిరిగి వస్తారు. కోటు తగిలించడానికి అందుకుంటే గుప్పుమని గులాబీ వాసన. నేను అత్తరు ముట్టనని నీకు తెలియనిది కాదు.

ఇంట్లో ఉన్నా మనిషి ఇంట్లో ఉండరు. మొన్న పొయ్యి మీద పాలు పెట్టి కోళ్ళకు గింజలు వేయడానికి పెరట్లోకి వెళ్ళాను. అడుగంటిన కమురు వాసన అక్కడికే వచ్చేసింది. పరుగున లోపలికి వస్తే, ఆయన పొయ్యికి రెండు బారల దూరంలో కూర్చుని పేపరు చదువుతున్నారు. "ఏవండీ, పాలు!" అంటే ఉలిక్కిపడి లేచారు. "చూసుకోలేదే" అన్నారు. ఆ ముఖంలో నెత్తురు చుక్క లేదు. పాలు మాడినందుకు ఎవరైనా అంత కంగారు పడతారా? ఆలోచనలు ఎక్కడో ఉంటేనే పడతారు.

నా వంట కూడా రుచించడం లేదు. నేను ఏం వండినా, ముందు ఆవముద్ద సీసా అందుకుంటారు. కుందేలు కూర మీద, ఉడికిన గుడ్ల మీద, చివరికి గుమ్మడి సూపులో కూడా కళ్ళలో నీళ్ళు తిరిగేంత కలుపుకుంటారు. నీకు ఇష్టమైన ఎపువాస్ జున్ను ఒకటి అల్మారాలో మరిచిపోయి కుళ్ళబెట్టాను. మా పొరుగింటి తెరేజ్ గుమ్మంలోనే ముక్కు మూసుకుంది. ఆ అల్మారాకు వీపు ఆనించి కూర్చున్న ఈయన ఒక్క మాట అనలేదు. ఈ ఊళ్ళో అందరూ ఆయన్ని "ముక్కు" అనే పిలుస్తారు. మూడు తరాలుగా ఆ ఇంటి మగవాళ్ళు వైను పీపా మూత తీసి వాసన చూసి, అది ఏ తోట ద్రాక్షో చెప్పగలరు. అలాంటి మనిషి భార్య పొరపాటును ఎత్తి చూపకుండా ఊరుకుంటున్నాడంటే, ఆ భార్య మీద ఆశ వదులుకున్నాడనే కదా?

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. రోజూ పొద్దున్నే నేను కాఫీ పోస్తుంటే ఆయన వెనక నుంచి వచ్చి నా మెడ దాకా వంగుతారు. ఒక్క క్షణం ఊపిరి తగులుతుంది. అంతలోనే నిట్టూర్చి, దొరికిపోయిన దొంగలా వెళ్ళిపోతారు. తప్పు చేసిన మగవాడు ముద్దు పెట్టబోయి, మనసొప్పక ఆగిపోవడం కాదా అది?

తెరేజ్ నోరు నీకు తెలుసు. నిన్న బ్రెడ్డు కొట్టు దగ్గర నలుగురిలో అననే అంది: "ఏమ్మా ఒదీలమ్మా, మీ ఆయన గురువారం గురువారం నున్నగా గీసుకుని పోతున్నాడే, దిజోన్‌లో కొత్త చర్చి ఏమైనా కట్టారా?"

"పీపాల పనట" అన్నాను.

"పీపాలకు గడ్డం గుచ్చుకుంటుందేమిటే!" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అక్కా. ఇంటికొచ్చి జపమాల పట్టుకుంటే ఎన్నో పూస మీద ఉన్నానో మరిచిపోయాను.

ఈ ఏడాది మా ద్రాక్షతోటల పాలకుడు పునీత విన్సెంటు విగ్రహం మా ఇంట్లోనే ఉంది. చేతిలో ద్రాక్షగుత్తితో భోజనాల గదిలో నిలబడి మమ్మల్నే చూస్తున్నాడు. జనవరి 22న పండుగ చేసి, మేమిద్దరం కలిసి ఎత్తుకుని వెళ్ళి ఆయన్ని తరువాతి ఇంటికి అప్పగించాలి. ఈ మనసుతో ఆ మనిషి పక్కన ఎలా నిలబడను?

నీ చెల్లెలు,
ఒదీల్


జనవరి 9

రెయినక్కా,

నీ జవాబు అందింది. "దొంగచాటుగా చూసేదానికి ఎప్పుడూ సగమే కనబడుతుంది, ఎదురుగా అడుగు" అన్నావు. అడగలేకపోయాను. చూశాను. ఇక చూడాల్సింది ఏమీ మిగలలేదు.

ముందు క్రిస్మసుకు ముందు జరిగింది చెబుతాను. ఆయనకు సూపు ఇవ్వడానికి నేలమాళిగలోకి దిగాను. పీపాలు నింపుతున్నారు. పీపా చెక్క కొంత వైనును తాగేస్తుంది కదా, పైన ఖాళీ పడితే గాలి చేరి పాడవుతుందని వారం వారం ఒక పీపాలోంచి తీసి మిగతావాటి వెలితి పూడుస్తారు. ఆయన చేతిలోని డబ్బాలోంచి పచ్చళ్ళ జాడీ తెరిచినట్టు పులుపు కొట్టింది.

"ఏవండీ, ఇది పులిసిన వాసన వేస్తోంది" అన్నాను.

"నీ ముక్కుకు చర్చి సాంబ్రాణి పట్టిందిలే! సూపు అక్కడ పెట్టి వెళ్ళు" అని కసురుకున్నారు. ఈ ఇరవై ఏడేళ్ళలో నన్ను ఒక్కసారి కసరలేదు. మెట్ల మీద నుంచి వెనక్కి తిరిగి చూశాను. డబ్బా కింద పెట్టి, రెండు చేతులతో పీపాను పట్టుకుని నిలబడి ఉన్నారు. పీపాలు పాడైనా పట్టనంతగా ఎవరో ఆయన మనసును పట్టుకున్నారని అప్పుడే అనుకున్నాను.

నిన్న గురువారం. ఆయన ఎక్కిన బస్సు వెనకే వచ్చిన దాంట్లో నేనూ వెళ్ళాను. నల్ల శాలువా ముఖం మీదకు లాక్కున్నాను. దారి పొడుగునా తోటల్లో కత్తిరించిన కొమ్మలు కాలుస్తున్నారు. ఆ పొగలో నుయీ, జెవ్రే ఊళ్ళు దాటిపోయాయి. నేను ఒక్కదాన్నీ చూడలేదు. దిజోన్‌లో ఎక్కడ వెతకాలో తెలియక నోత్ర్ దామ్ చర్చికి వెళ్ళాను. ముందు లోపలి మరియతల్లి దగ్గర మోకరిల్లుదామనుకున్నాను. కానీ పక్క వీధిలో గోడ మీది రాతి గుడ్లగూబను అందరూ ఎడమ చేత్తో నిమిరి మొక్కుకుంటుంటే నేనూ నిమిరాను. తల్లిని వదిలి గుడ్లగూబను వేడుకున్నానని ఫాదరు గారికి ఇంకా చెప్పలేదు. "దొరకనీ" అని మొక్కాను. తల తిప్పేసరికి వీధి మలుపులో ఆయన కోటు!

మసాలా రొట్టెల కొట్టు పక్కన ఒక పాత ఇంట్లోకి వెళ్ళారు. వీధిలోకే కిటికీ ఉంది. తెర సగమే వేసి ఉంది. అద్దానికి ముక్కు ఆనించి చూశాను. నీ మరిది కుర్చీలో కూర్చున్నారు. కళ్ళకు గంతలు కట్టి ఉన్నాయి. ఎర్ర చొక్కా వేసుకున్న ఒక ఆడమనిషి ఆయన మీదకు వంగి, ముఖానికి ఏదో దగ్గరగా పెడుతోంది. ఆమె ముఖం తెర వెనకే ఉంది. చేతులు మాత్రం చూశాను, తెల్లగా, సన్నగా. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆమె నవ్వుతూ భుజం తట్టి మళ్ళీ వంగింది. ఇల్లూ వాకిలీ ఉన్న పెద్దమనిషి గంతలు కట్టించుకుని ఆడుకుంటున్నాడు!

నేను తలుపు తట్టలేదు. అరవలేదు. బస్టాండుకు ఎలా వచ్చానో తెలియదు.

అక్కా, పునీతుణ్ణి ఒక అబద్ధాల జంట మోసుకెళ్ళడం నాకు ఇష్టం లేదు. పండుగకు రెండు రోజుల ముందు, ఇరవయ్యో తేదీ బస్సుకు వచ్చేస్తాను. మదర్ గారిని అడిగి అతిథి గది ఒకటి ఇప్పించు. ఆయనకు ఉత్తరం రాసి బల్ల మీద పెడతాను. ఎందుకని మాత్రం రాయను. ఆయనకే తెలుసు.

ఒదీల్


జనవరి 29

నా బంగారు రెయినక్కకు,

అతిథి గదిలో దుప్పటి మార్చి, స్టవ్వు వెలిగించి, ఇరవయ్యో తేదీన గేటు దగ్గర కూర్చున్నావని సిస్టర్ గారు ఫోనులో చెప్పారు. ఆ మోకాళ్ళతో! నన్ను క్షమించు. ఎందుకు రాలేదో అంతా రాస్తాను.

ఆ రోజు పెట్టె సర్దుకున్నాను. ఆయన తోటలోకి వెళ్ళారు. పెళ్ళి కోటు వంకీకి వేలాడుతోంది. ఆమె ఉత్తరం ఒకటి దొరికితే నీకు చూపించవచ్చని, దేవుడు క్షమించుగాక, జేబులో చెయ్యి పెట్టాను. నాలుగు చిన్న సీసాలు దొరికాయి. పేర్లు లేవు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు. ఒకటో దాని మూత తీస్తే నేను రెండు నెలలుగా ద్వేషిస్తున్న గులాబీ. రెండు లవంగం. మూడు నిమ్మ. నాలుగు జలుబుకు రాసుకునే నీలగిరి తైలం. వాటి కింద ఒక చిన్న నోటు పుస్తకం. ఆయన చేతిరాతే.

అక్టోబరు 30. ఒకటి: ఏమీ లేదు. రెండు: ఏమీ లేదు. మూడు: ఏమీ లేదు. నాలుగు: మంట మాత్రం. ఒదీల్ మెడ: ఏమీ లేదు.

అక్టోబరు 31. ఒకటి: ఏమీ లేదు. అలా పేజీ తరువాత పేజీ. ఒక్క రోజు తప్పలేదు. ప్రతి రోజూ చివర నేనున్నాను. ఒదీల్ మెడ: ఏమీ లేదు. ఒదీల్ మెడ: ఏమీ లేదు. క్రిస్మసు రోజున కూడా.

నేను నేల మీద కూర్చుండిపోయాను. మాడిన పాలు, కుళ్ళిన జున్ను, ఆవముద్ద. ఆవఘాటు ఒక్కటే ఆయనకు తగులుతోందన్నమాట. అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నా ముందు నిలబడ్డాయి. మెట్ల మీద పడ్డ రోజునే ఆయన ముక్కు పోయింది, అక్కా.

ఆయన వచ్చేసరికి నేను ఇంకా అక్కడే ఉన్నాను. పెట్టె చూశారు, పుస్తకం చూశారు. టోపీ తీసి గుమ్మంలోనే నిలబడ్డారు.

"ఎక్కడికే?"

"అక్క దగ్గరికి. మీకు వేరే మనిషి ఉందనుకున్నాను."

"నాకా?" అన్నారు. నవ్వబోయి, నవ్వలేక కూలబడ్డారు. "ముక్కు లేని ముక్కుగాణ్ణి. నన్నెవతి చేరదీస్తుందే?"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నిజమైపోతుందని. డాక్టరు రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. తెలిస్తే ఊరంతా ఏమంటుంది? పైగా నువ్వు ఆ రోజు పులిసిందన్నావు చూడు... అప్పటికే మూడు పీపాల్లో పోసేశానే. నీ మీద అరిచాను గాని, నువ్వు చెప్పిందే నిజమని నాకు తెలుసు. అప్పటి నుంచి నిద్ర లేదు."

ఇరవై ఏడేళ్ళలో ఆయన ఏడవడం మొదటిసారి చూశాను. పక్క గదిలోంచి విన్సెంటూ చూశాడు. చూడనీ.

మర్నాడు ఇద్దరం యజమాని మొస్యే ఒబెర్ దగ్గరికి వెళ్ళి చెప్పేశాం. ఆ మూడు పీపాలూ, మొదట చెడినదీ వెనిగరుకు పోతాయి. ఒబెర్ అంతా విన్నాడు. తరువాత, "వాసన తెలియని మేస్త్రీని పెట్టుకుని నేనేం చేసుకోవాలి, లజార్?" అన్నాడు. నాకు ఎక్కడి ధైర్యం వచ్చిందో తెలియదు. "నాకు తెలుస్తుంది కదండీ. రోజూ నేను వాసన చూసి చెబుతాను, ఏం చెయ్యాలో ఆయన చేస్తారు" అన్నాను. పూజలో తప్ప చుక్క ముట్టని ఆడదాన్ని! ఆయన నన్ను కొత్తగా చూశాడు. "ఈస్టరు దాకా చూస్తాను" అన్నాడు. అంతకంటే మాట ఇవ్వలేదు. ఈస్టరు తరువాత ఏమవుతుందో తెలియదు.

పండుగ నాడు విగ్రహాన్ని మేమిద్దరమే మోశాం. మంచు పడింది. కొత్త ఇంటి వాకిట్లో, ఆచారం ప్రకారం కొత్త వైను మొదటగా వెండి గిన్నెలో పోసి ఈయనకు ఇచ్చారు. వాసన చూసి ఊరందరి ముందూ చెప్పాలి. ఆయన గిన్నె పట్టుకున్నారు. "నాకు వాసన పోయింది. కోతల నుంచీ. మా ఆవిడ చెబుతుంది" అని గిన్నె నాకు ఇచ్చారు.

తెరేజ్ నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఆ నోరు మూగబోవడం నా జన్మలో మొదటిసారి. వైను రుచి చూసేవాళ్ళ మాటలు నాకు రావు కదా. తోచింది చెప్పాను. "అమ్మ బట్టల బీరువా తెరిచినట్టుంది. లోపల ఎండు చెర్రీలు దాచిపెట్టారు. అడుగున, వాన పడ్డ చర్చి మెట్టు వాసన."

మా ఊరి ముసలి ఫిలిబేర్ కర్ర నేలకు కొట్టాడు. "పాతికేళ్ళుగా లజార్ చెప్పేది ఒక్క ముక్క అర్థం కాలేదు నాకు. ఇవాళ అర్థమయిందిరా!" అన్నాడు. అప్పుడు నవ్వారు, అందరూ. ఈయన కూడా.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి దిజోన్ వెళ్ళాం, అది గురువారం కాబట్టి. నేను కిటికీలోంచి చూసిన ఆవిడ, మాదాం సిమోనో, పక్క కొట్లో ఇరవై ఏళ్ళు రొట్టెలకు మసాలాలు కలిపిన మనిషి. ఒకసారి జ్వరంలో ముక్కు పోగొట్టుకుని, ఇవే సీసాలు రోజూ వాసన చూసి ఏడాదికి తిరిగి తెచ్చుకుందట. కళ్ళు కనబడితే మనసు మోసం చేస్తుందని గంతలు. చక్కని మనిషే, అబద్ధం ఆడను. నన్ను చూడగానే, "ఆ రోజు కిటికీ దగ్గరికి వచ్చింది మీరేనా? అద్దం మీద మీ ముక్కు ముద్ర అలాగే ఉంది, తుడవలేదు" అంది. నేను భూమిలోకి కుంగిపోయాను. అది తుడవడానికి గుడ్డ అడిగితే, "ఉండనివ్వండి. నా దగ్గరికి వచ్చే ముక్కుల్లో పనిచేసేది అదొక్కటే" అంది.

తిరిగి వచ్చేముందు నోత్ర్ దామ్ లోపలి మరియతల్లి దగ్గర కొవ్వొత్తి వెలిగించాను. గుడ్లగూబకు కూడా దారిలో ఒకసారి చెయ్యి ఆనించాను. నువ్వు మదర్ గారికి చెప్పకు.

ఇక ఇవాళ్టి సంగతి రాసి ముగిస్తాను. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి కాఫీ పోస్తున్నాను. ఆయన వెనక నుంచి వచ్చి వంగారు. ఇదివరకు బిగుసుకుపోయేదాన్ని. ఇవాళ కళ్ళు మూసుకుని, జుట్టు పక్కకు తీసి, సత్ప్రసాదం అందుకునేటప్పుడు నిలబడినట్టు కదలకుండా నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డాను. పొయ్యి సంగతే మరిచిపోయాను.

"ఒదీల్" అన్నారు నా మెడ మీదే, మెల్లగా. "పాలు."

చూసేసరికి అడుగంటుతున్నాయి. గిన్నె దించి, "చూసి అన్నారా, వాసన వచ్చి అన్నారా?" అని అడిగాను. ఆయన బల్ల దగ్గర కూర్చుని, పుస్తకం తీసి ఏదో రాశారు. ఎప్పటికంటే కాస్త ఎక్కువసేపు రాశారు. కోటు జేబులో పెట్టుకోకుండా, పుస్తకాన్ని బల్ల మీదే వదిలి తోటకు వెళ్ళిపోయారు.

అది ఇప్పుడు నా మోచేతి పక్కనే ఉంది. నేను తెరవలేదు, అక్కా. ఆయనే చెబుతారు.

నీ ప్రార్థనల్లో మా ఇద్దరి పేర్లూ కలిపి చెప్పమని అడిగే
నీ చెల్లెలు,
ఒదీల్