తెగిపోయిన తండ్రి పేరు

మంగళవారం, రాత్రి

ఈ రోజంతా మా బడి ఆఫీసులో నాకు ఒక్క టీసీతోనే సరిపోయింది. పవర్‌లూమ్‌లో పనిచేసే లక్ష్మీనారాయణ కూతురు పక్క ఊరు పల్సానాలోని బడిలో చేరడానికి రేపే ఆఖరు. సాఫ్ట్‌వేర్‌లో తండ్రి పేరు పూర్తిగానే ఉంది. ప్రింట్ తీస్తే మాత్రం "లక్ష్మీనార" దగ్గర తెగిపోతోంది.

"ఏంది మేడమ్, గీ కాగితంల నేను సగం తండ్రినా?" అన్నాడాయన.

కాగితం మార్చాను, ప్రింటర్‌ని తిట్టాను. సాయంత్రానికి గాని తట్టలేదు. ఇక్కడ గుజరాత్‌లో ఒకే గడిలో ఇంటిపేరు ముందు, పిల్ల పేరు తర్వాత, తండ్రి పేరు చివర రాస్తారు. గుజరాతీ పేర్లకు కొలిచిన గడిలో మన పేర్లు పడతాయా? అక్షరాల సైజు తగ్గించగానే మొత్తం వచ్చేసింది.

"గిప్పుడు పూరా తండ్రినే!" అని నవ్వాడు.

తెగిన పేరుతోనే, అడగకుండా టీసీ తీసుకెళ్లినవాళ్లు ఎందరో! రేపటి నుంచి పాత టీసీలన్నీ సరిచేస్తాను. మొదటిది మా అమ్మాయిదే. వాళ్ల నాన్న పేరు వెంకటసత్యనారాయణ.