గొడుగు కింద ఎరుపు

పాంట్వాజ్, శనివారం, 7 మార్చి 1891
పొద్దున మంచు, పదింటికల్లా తెరిపి. రంగుల దుకాణం కిటికీ అద్దాలు తుడిచాను.

తల్లీ ఒనొరీన్,

నీ ఉత్తరం అందింది. అమ్మ పటాన్ని దక్షిణపు కిటికీకి ఎదురుగా పెట్టానని, "వెలుగు బొమ్మకి వెలుగు ఉండాలిగా నాన్నా" అని రాశావు. పటంలో గొడుగు వెలిసినట్టుంది, నా కళ్ళకే అలా ఉందా అని అడిగావు. నీ కళ్ళు బాగానే ఉన్నాయి. పటాన్ని ఇవాళే దించి ఎండ తగలని గదిలో పెట్టు. ఎందుకో చెబుతాను. పన్నెండేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

రంగులు నూరడం నాకు ఎవరూ నేర్పలేదు. కొత్త రంగు వస్తే కాగితం పట్టీ మీద పూసి, సగం నల్ల అట్టతో కప్పి, కిటికీ అద్దానికి అంటిస్తాను. ఆదివారం అట్ట ఎత్తి రెండు సగాలూ పోల్చి పుస్తకంలో రాస్తాను. పన్నెండేళ్ళ కిందట వచ్చిన ఒక కొత్త ఎరుపు మూడు నెలలకే పాలిపోయింది. "నిలవదు" అని రాసుకున్నాను. ఆ పట్టీ ఇప్పటికీ అద్దానికే ఉంది. కప్పిన సగం నిన్న నూరినట్టే ఉంది.

జూన్‌లో చిత్రకారుడు లోర్మియే గారు ఏటి ఒడ్డు గడ్డిలో అమ్మను నిలబెట్టి బొమ్మ వేశారు. నేను రంగులు మోసుకెళ్ళాను. ఆయన బొమ్మల్లో నలుపు ఉండదు, నీడ కూడా నీలమే. మొదటి రోజు అన్నీ నీలం, ఆకుపచ్చ మరకలే.

"నా ముక్కేదండీ?" అంది అమ్మ.

"ఎండ ఎత్తుకుపోయిందమ్మా."

"పోనీలెండి, అంత గొప్ప ముక్కేం కాదు. మా ఆయన దాన్ని చూసి ఎన్నేళ్ళయిందో అడగండి."

ఇద్దరూ నవ్వారు. అమ్మ అలా నవ్వడం మన ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. అంతకు మించి ఏమీ లేదు. అది నాకు అప్పుడూ తెలుసు.

మర్నాడు గొడుగు కోసం ఆయన ఆ కొత్త ఎరుపు చేతిలోకి తీసుకుని, "ఇది నిలుస్తుందా, రూవెల్?" అని అడిగారు.

"మనం పోయినా అది పోదు," అన్నాను.

అమ్మ గొడుగు కింద నిలబడి ఉంది. వినలేదనుకున్నాను. గొడుగులోంచి దిగిన వెలుగు చెంప మీద పడితే, ఆ ఎరుపునే మూడుసార్లు అద్ది ముఖం చేశారాయన. కళ్ళు లేవు, ముక్కు లేదు, ఆ ఎరుపే అమ్మ. పటాన్ని అమ్మకే ఇచ్చి వెళ్ళారు. రెండేళ్ళకు అమ్మ పోయింది. ఆమె రూపం ఇంకెక్కడా లేదు. చీకట్లో ఉంచితే ఆ ఎరుపు కొన్నాళ్ళు ఆగుతుంది.

క్షమించమని అడగను.

మీ నాన్న,
ఆంతీమ్ రూవెల్

పాంట్వాజ్, ఆదివారం, 22 మార్చి
ఎండ. గాలి లేదు. పొయ్యి బూడిద ఎత్తాను.

తల్లీ,

నీ జవాబు నాలుగుసార్లు చదివాను. నీ మాటలే మళ్ళీ రాస్తున్నాను, నా చేత్తో రాస్తేనైనా నమ్ముతానేమోనని.

"అమ్మకు తెలుసు నాన్నా. ప్రతి శనివారం ఆ పట్టీ ఉన్న అద్దం తుడిచింది ఎవరనుకున్నావు? పోయే ముందు నాతో అంది, 'మీ నాన్న లోర్మియే గారితో అబద్ధమాడాడు. నాతోనైనా చెబుతాడేమోనని రెండేళ్ళుగా చూస్తున్నాను. తనంతట తాను చెప్పేదాకా నువ్వు నోరెత్తకు.' నాకప్పుడు పన్నెండేళ్ళు. ఇన్నాళ్ళూ ఎత్తలేదు. ఇప్పుడు పటం దించను. మంచం పట్టినప్పుడైనా అమ్మ కిటికీ మూయనిచ్చిందా? పోయేది పోనీ."

మూయనివ్వలేదు. నిజమే.

ఆ రెండేళ్ళ పుస్తకాలు తీసి చూశాను. ప్రతి శనివారం కింద "అద్దాలు శుభ్రం" అని ఉంది. ఎవరు తుడిచిందీ ఒక్కచోటా రాసుకోలేదు.

ఇప్పుడు ఎండ అద్దం నిండా ఉంది. ఆదివారం కాబట్టి పట్టీ చూడాలి. లేచి వెళ్ళి, నల్ల అట్టను తీసేస్తాను, మళ్ళీ కప్పను.