నాయన సన్నాయి కాకుండా

మే 2
మూడో రంధ్రం దగ్గర చీలిక గోరు దూరేంత అయింది. మైనం పెట్టినా ఊ అనడం లేదు. నా సన్నాయి పని అయిపోయినట్టే. పద్దెనిమిదిన పెళ్ళి — నేను ముందుండి వాయించే మొదటి పెళ్ళి. చిన్నాయన డోలు బిగించి తయారుగా ఉన్నాడు. నాయనది మాత్రం ఒకటే మాట: "ఇంకోటి చూద్దాం. నాది మాత్రం అడగకు."

అడిగానా నేను! నాయన మూతి వంకర పోయి నాలుగు నెలలు. రేపో మాపో మళ్ళీ ఊదుతానని ఆయన ఆశ. పట్టుగుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టుకున్నాడు.

మే 4
బజారులో దుకాణం. మూడు చూశాం. నోట్లో పెట్టుకునే పీక ఎవరిది వాళ్ళదే కదా — నాది డబ్బీలో తీసుకెళ్ళాను. దుకాణదారు తన పీకతో ఊదితే తేనె. నా పీక పెడితే మేక. నాయన కట్టెను వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని — "పచ్చి కట్టె." రెండోదీ పచ్చిదేనట. మూడోది ముట్టుకోనేలేదు. దుకాణదారు కన్నడలో ఏదో గొణిగాడు.

మే 6
నాయన మూతికి కరెంటు పెట్టించుకోవడానికి ఆస్పత్రికి పోయాడు. ఇంట్లో ఎవరూ లేరు... బీరువా మీది పట్టుగుడ్డ విప్పాను. నా పీక దానికి వదులు. దారానికి వేలాడుతున్న ఆయన పీకే నోట్లో పెట్టుకున్నాను. ఎంగిలి అని తెలుసు. దేవుడా, ఆ షడ్జం! నేను ఊదానంటే నాకే నమ్మకం లేదు. ఆయన వచ్చేలోగా ఎక్కడిదక్కడ సర్దేశాను.

సాయంత్రం అన్నం ముందు కూర్చుని అన్నాడు: "పీక తడిగుంది." అంతే. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

మే 9
ముగ్గురం దేవదుర్గ పోయాం. వాయించేవాళ్ళు లేక అమ్మేస్తున్న సన్నాయి. ఇంటామె గోడ మీంచి దించి ఇచ్చింది. "ఊదు తల్లీ, మా ఆయన పోయినంక దాని గొంతు వినలేదు."

పలికింది! పై స్వరాల్లో కూడా బెదరలేదు. చిన్నాయన తొడ మీద తాళం మొదలుపెట్టాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన లేచి చెప్పులేసుకున్నాడు. "వద్దు."

బస్సులో అడిగాను, ఎందుకని. "గాలి మస్తు తింటది." ఊదింది నేను. నాకు తెలియదా ఎంత గాలి తిన్నదో?

మే 10
పెరట్లో చిన్నాయన మెల్లగా: "మీ నాయనదాని లెక్కనే పలికింది బిడ్డా. గందుకే వద్దన్నడు."

నేరుగా పోయి అనేశాను — అమ్మ పెట్టా పెట్టదు, అడుక్క తినా తిననియ్యదు, గట్లుంది నీ కత! నీ మూతి బాగయ్యేదాక నా మూతి కుట్టుకొని కూసోవాల్నా నాయనా?

ఆయన ఎడమ కన్ను పూర్తిగా మూతపడదు. దాంతోనే చూశాడు. అంత మాట అనకుండా ఉండాల్సింది.

మే 11
బేజారు. పని చేసే షాపులోనే రాత్రిదాకా ఉండిపోయాను.

మే 13
మధ్యాహ్నం షాపు నుంచి తొందరగా వచ్చాను. తలుపు ఓరగా ఉంది. నాయన... ఒక చేత్తో సన్నాయి ఎత్తి, ఇంకో చేత్తో పెదవి మూల నొక్కి పట్టుకుని ఊదుతున్నాడు. బుస్సుమని గాలి తప్ప ఏం లేదు. ఉమ్మి గడ్డం మీదికి. తుడుచుకుని మళ్ళీ. మళ్ళీ.

చప్పుడు చేయకుండా బయటికొచ్చాను. వీధి చివర ఎంతసేపు నిలబడ్డానో. ఏడుపు ఆగలేదు.

మే 15
"దేవదుర్గదే తెచ్చుకో పో." నాయన, నా వైపు చూడకుండా.

ఆ ఇంటామెకు ఫోన్ చేశాను. "నిన్ననే ఇస్తి గదా తల్లీ, లింగసుగూరు మేళమోళ్ళకు!" నాయనకు చెప్పాను. పంచె దులుపుకుని బయటికి పోయాడు. ఇంక మూడు రోజులు.

మే 17
చీలికకు మైనం, పైన గుడ్డ చుట్టి వాయించాను. చిన్నాయన సగంలోనే డోలు ఆపేశాడు. "గిట్లనే పోతే మల్ల మనల్ని ఎవరు పిలుస్తరు బిడ్డా?" నాయన విన్నాడు. సంచిలో నా చీలిక సన్నాయే పెట్టుకున్నాను. గతి లేక.

మే 18
ఫంక్షన్ హాలు. సంచి విప్పితే — పట్టుగుడ్డ. నాయన సన్నాయి! ఎప్పుడు మార్చాడో... దారం ఉంది. దాని చివర పీక లేదు.

నా పీక వదులు కదా. చిన్నాయన నూలు దారం ఇచ్చాడు. పీక మొదలుకి రెండు చుట్లు. మూడు. కూర్చుంది. పీక నోట్లో నానాలి, అందుకే ఈ రెండు ముక్కలు రాసుకుంటున్నా. పెళ్ళికొడుకు కారు మలుపు తిరిగిందట. "కానీ బిడ్డా," అంటున్నాడు చిన్నాయన.

గేటు దగ్గర ఆటో ఆగింది. నాయన. దిగాడు, లోపలికి రావడం లేదు. చెయ్యి చొక్కా జేబు మీంచి తీయడం లేదు — ఆయన పీక అందులోనే ఉండాలి.