నీటికాకుల లెక్క

మార్చి 1, ఉదయం 6.10
ఈ రోజు నుంచి ముప్పై రోజులు! తెల్లవారగానే, సముద్రంలోకి పొడుచుకొచ్చిన దీవి పడమటి కొమ్ముకు వెళ్లి నీటికాకుల గూళ్లు లెక్కపెట్టాలి. మందుల షాపు ఫోతిని నడిపే పక్షుల సంఘానికి మాటిచ్చాను. నెలాఖరున సభ. గూళ్లు తగ్గుతుంటే కొమ్ముకు కంచె వేసి మేకలను ఆపుతారు. మేకలు మా తమ్ముడు స్త్రాటిస్‌వి. అయినా లెక్క లెక్కే.
గూళ్లు: పద్నాలుగు. ముప్పై ఏళ్లు బడిలో హాజరు వేసినదాన్ని, నాకిదెంత పని!

మార్చి 4
పద్నాలుగు. ఒక గూట్లో పిల్ల తల కనిపించింది! ఊరందరికీ చెప్పాను. అందరూ అంటే రొట్టెల దుకాణంలో ఇద్దరు.

మార్చి 7
ఉత్తరపు గాలి. ఏజియన్ సముద్రమంతా నురగే. దీవికి రావాల్సిన పడవే రాలేదు, నేనెలా నడిచి వెళ్తాను? నిన్నటి లెక్కే రాశాను. ఒక్క రోజులో పక్షులెక్కడికి పోతాయి?

మార్చి 9
గాలి తగ్గింది. మోకాలి నొప్పి తగ్గలేదు. పద్నాలుగు.

మార్చి 13
స్త్రాటిస్ మేకపాల చీజ్ తెచ్చాడు.
"అక్కా, రోజూ పోతున్నావా?"
"ఆఁ."
"నా మేకలేమన్నా చేశాయా?"
"ఇప్పటికైతే లేదు."
"సభలో ఆ ముక్కే చెప్పు. కంచె వేస్తే వాటిని మేడమీద మేపుకోవాలి నేను."
చీజ్ బాగుంది. పద్నాలుగు.

మార్చి 14 నుంచి 28 దాకా
పద్నాలుగు. (ఒకేసారి రాశాను.)

మార్చి 29, సాయంత్రం 4
కాఫీ తాగుతుంటే ఫోతిని వచ్చింది.
"అర్గిరో టీచర్ గారూ, మీరు పంపిన లెక్క చూశాను. ఒక్క గూడు కూడా తగ్గలేదు! కంచె అక్కర్లేదని రాసేస్తున్నా."
కాఫీ సగంలో వదిలేసి కొమ్ముకు నడిచాను.
గూళ్లు: ఆరు. మిగతా చోట్ల తొక్కేసిన పుల్లలు, గుడ్ల పెంకులు, మేక పెంటికలు. పిల్లను చూసిన గూడు ఏదో కూడా తెలియలేదు.

మార్చి 31, సభ
ఫోతిని చదవబోతుంటే లేచాను. "ఆ లెక్క తప్పు. ఏడో తారీఖు నుంచి నేను పోనే లేదు. మొన్న చూస్తే ఆరే ఉన్నాయి."
"ఇంతమందిలోనా అక్కా?" అన్నాడు స్త్రాటిస్.
"ఇంతమందికీ అబద్ధం రాశాను కదరా."
తీర్మానం: నెల రోజులు తాత్కాలిక కంచె. లెక్క మళ్లీ మొదటి నుంచి. ఈసారి ఇద్దరు వెళ్లాలి. రెండో మనిషిగా ఎవరూ చెయ్యెత్తలేదు. చివరికి స్త్రాటిస్ ఎత్తాడు.
"ఈవిడ లెక్క నేను నమ్మను" అన్నాడు.

ఏప్రిల్ 1, ఉదయం 6.05
మళ్లీ ముప్పై రోజులు. గాలి వీచినా సరే!
దారంతా స్త్రాటిస్ నాకు పది అడుగుల ముందే నడిచాడు. కొమ్ము మీద నా బైనాక్యులర్ లాక్కుని చూశాడు.
"ఏడు."
"ఆరు. ఆ చివరిది గూడు కాదు, రాయి."
రాయి మెడ చాచి రెక్కలు దులుపుకుంది.
ఏడు అని రాశాను.