ఎడమ చేతి సంతకం

శుక్రవారం, రాత్రి

ఇవాళ పొందూరు ఖాదీ సంఘంలో నేను వడికిన నూలు అప్పగించి, వేలిముద్ర వేయకుండా వచ్చాను. నా పేరు నేనే రాశాను. మిగతా అక్షరాలు ఇంకా రావు కాబట్టి, నేను చెబుతుంటే మనవరాలు సుజాత ఈ పేజీ రాస్తోంది.

వయోజనుల బడిలో చేరిన రోజే, ఏడాదిలోపు సంతకం నేర్చుకోవాలని పట్టుబట్టాను. కుడి చేత్తో బలపం పడితే గీతలన్నీ వంకర్లు పోయేవి. నెలలు గడిచినా కుదరలేదు. ఆ చెయ్యి ఇన్నేళ్లూ రాట్నం తిప్పిందంతే. సన్నటి పోగు తీసేది నా ఎడమ చెయ్యి. ఆ సంగతి నాకు తట్టలేదు, సుజాతకు తట్టింది.

"ఆ సేత్తో రాసి సూడు, మామ్మా" అంది. పది రోజుల్లో పేరు కుదిరింది.

ఇవాళ కూడా గుమస్తా అలవాటుగా ఇంకు ప్యాడు నా ముందుకు తోశాడు. నేను పెన్ను అడిగి ఎడమ చేత్తో పట్టుకున్నాను.

"ఎడం సేత్తో ఏటమ్మా? అపశకునం!"

"నీ సొక్కా నూలు ఏ సేత్తో తీసినాననుకున్నావురా? ఇప్పేస్తావేటి?"

నూలు తెచ్చినవాళ్లందరూ నవ్వారు. నేను మాత్రం పెన్ను కాగితం మీద ఆనించాను. పేరు సగంలో ఆగిపోతే మళ్లీ ఆ ప్యాడే గతి కదా. ఆగలేదు.

సుజాత చేసిన మేలు మరవను. అయితే ఇది నేను చెప్పినట్టే రాస్తోందా, సొంత మాటలు కలుపుతోందా? అడిగితే నవ్వుతోంది. ఉండు, చదవడం కూడా నేర్చుకుంటాను.