ఏంటెన్నాకి సిల్వరు రంగు

చింతపల్లి రేవు, 2016 మార్చి

అమ్మా యమునా, నా వంకర రాతకీ తప్పులకీ ఏమీ అనుకోకు. ఫోనులో నాకు మాట పెగలదు.

ఉపగ్రహాలను బట్టి సముద్రంలో దారి చూపే పెట్టెను కాలేజీవాళ్లు మన పడవ మీద పరీక్షిస్తున్నారు కదా. దాని ఏంటెన్నా ఉప్పుగాలికి పాడవుతుందని, పడవకి వేసినట్టే దానికీ సిల్వరు రంగు వేశాను. ఆ రంగులో అల్యూమినియం పొడి ఉంటుందట, సంకేతం అందడం మానేసింది.

"ముసలాయన్ని ఇంటికి పంపించేయండి" అన్నారు పెద్ద సారు. ఎన్నడూ ఎదురు చెప్పని నేను ఆవేళ చెప్పాను. "నానెల్ను బాబూ. రంగు నానే గీకుతాను. మీ పెట్టి సెప్పింది నిజమో కాదో, లైటవుసూ కొండా వరస సూసి సెప్పీవోడు ఇంకెవుడున్నాడు మీకు?" వాళ్లలో చదువుకునే పిల్ల అనూరాధ గరుకు కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. గీకాను, సంకేతం వచ్చింది.

నామోషీగా ఉంది వచ్చేయమని మీ ఆయన కబురు పెట్టాడు. శుక్రవారం సముద్రం మీద అసలు పరీక్ష, అది అయ్యేదాకా రాను. సగంలో లేచిపోతేనే నామోషీ.

మీ అత్త మోకాలి నొప్పి తగ్గిందా? చిన్న వల ఎలకలు కొట్టకుండా పైన కట్టించు. పిల్లలకి దీవెనలు. వెంటనే జవాబు రాయి. రమ్మని మాత్రం రాయకు.

మీ మావ
గంగరాజు