ఐదు బి తెలుగు టీచరు, ఒక వంకాయ

పంజాగుట్ట, సోమవారం

రాజనర్సయ్య గారికి,

నమస్కారమండీ. మీ మనవరాలు సుష్మితకి ఐదు బిలో తెలుగు చెప్పే కొత్త టీచర్ని. ఫోన్ చేద్దామంటే, "కుట్టుమిషన్ మోతల మా తాతకు ఇనవడది టీచర్" అంది. అందుకే తన చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను.

వారం రోజులుగా సుష్మిత మధ్యాహ్నం బాక్సు మూత తీసి, మళ్లీ పెట్టేస్తోంది. అడిగితే ఆకలి లేదంటుంది. ఇవాళ ఆలుగడ్డ వేపుడు. ఆ ఘుమఘుమకి నాకే నోరూరింది, తను మాత్రం ముట్టలేదు. ఇంట్లో అంతా బాగానే ఉందా? ఒంట్లో ఏమైనా నలతగా ఉందా?

ఇట్లు,
హైందవి

తా.క. పేరెంట్స్‌కి ఏం చెప్పాలన్నా ఆఫీసు ద్వారానే చెప్పాలట. నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. ఈ సంగతి మనలోనే ఉండనివ్వండి.

యూసుఫ్‌గూడ, మంగళవారం

హైందవి టీచరమ్మకు,

రాజనర్సయ్య దండం పెట్టి రాసేది. పిల్ల మంచిగున్నది. డబ్బ రోజూ నాకినట్టు ఖాళీగ వస్తున్నది. మరి పిల్ల తింటలేదంటే ఎవరు తింటున్నట్టు?

నీ ఉత్తరం మళ్ల చదివిన. ఆలుగడ్డ కాడికి వచ్చేసరికి నాకు సమజైంది బిడ్డా. మధురానగర్ హాస్టల్ల ఉంటవంట. గా తిండి నాకెరుక. నోరు తెరిచి అడగనీకి సిగ్గుపడ్డవు. గంతదానికి ఫికర్ ఎందుకు? రేపటి సంది రెండు డబ్బలు పంపుత.

ఉంట మరి,
రాజనర్సయ్య

తా.క. కారం ఎక్కువైతే పిల్లతోని చెప్పంపు. తక్కువైతె సుత చెప్పు.

పంజాగుట్ట, బుధవారం

రాజనర్సయ్య గారికి నమస్కారం.

అయ్యయ్యో, నేను నాకోసం అడగలేదండీ! ఇక్కడ నిండుగా ఉన్న బాక్సు మీ ఇంటికి ఖాళీగా ఎలా వస్తోందో నాకూ అంతుపట్టడం లేదు. రెండో బాక్సు తిప్పి పంపుతున్నాను. పేరెంట్స్ దగ్గర ఏం తీసుకున్నా ఉద్యోగం పోతుందని చేరిన రోజే చెప్పారు. ఈ ఉద్యోగం కోసం ఎన్ని బడుల గేట్ల దగ్గర నిలబడ్డానో! దయచేసి ఇంకేం పంపకండి.

భయపడుతూ,
హైందవి

తా.క. మూత గట్టిగా ఉందో లేదో చూద్దామని తీశాను. వంకాయ ఒకటి తగ్గితే అందుకే.

యూసుఫ్‌గూడ, గురువారం

బిడ్డ హైందవికి,

ఒక్క వంకాయకు నౌకరి తీసేస్తరా! గిదెక్కడి అన్యాయం? దుకాణంల చెప్తే అందరు గరమైండ్రు. చిలకమ్మ అయితే, "నా జాకెట్ రేపు కుడుదువు, ముందు బడికి నడువు" అన్నది. రేపు పొద్దుగాల అందరం కల్సి ప్రిన్సిపాల్ మేడం కాడికి వస్తున్నం. జర ధైర్యంగ ఉండు.

నీ దిక్కు నిలబడే
రాజనర్సయ్య

తా.క. నీ పేరు చస్తె చెప్ప. ఐదు బిల తెలుగు చెప్పే కొత్త టీచరు అని మాత్రమే అంట.

పంజాగుట్ట, శుక్రవారం

రాజనర్సయ్య గారికి,

మీ ఉత్తరం నా చేతికి, మీరు ప్రిన్సిపాల్ గదికి ఒకేసారి వచ్చారు. మీరు వెళ్లగానే ప్రిన్సిపాల్ భూలక్ష్మి మేడం పిలిచారు. మనసులో రాజీనామా రాసుకుంటూ మెట్లెక్కాను.

గదిలో సుష్మిత ఉంది, బాక్సు సంగతి అడగడానికి మేడమే పిలిపించారట. "మీ టీచర్‌కి కూడా చెప్పమ్మా" అన్నారు మేడం.

"మేం తింటుంటే టీచర్ నిలబడే ఉంటది. ఏం తినది. ఆమె ముంగట నాకు ముద్ద దిగది. గందుకే ఇంటికి పోయేటప్పుడు ఆటోల తింటున్న" అంది.

తను తినడం లేదని నేను దిగులు పడుతుంటే, నేను తినడం లేదని తను మానేసింది!

"నువ్వెందుకు తినవు?" అన్నారు మేడం.

"భోజనాల దగ్గర డ్యూటీ కదండీ. కూర్చుంటే తీసేస్తారేమోనని..."

మేడం నెత్తి కొట్టుకున్నారు. "పిల్లలతో కలిసి తింటావనే నిన్నక్కడ వేశాను తల్లీ! టీచర్ని తీసెయ్యమని వచ్చినవాళ్లని చాలామందిని చూశాను. ఉంచమని దండెత్తినవాళ్లని ఇవాళే చూశాను. అసలు తీసేస్తానని నేనెప్పుడన్నాను? పిల్ల తినలేదని కనిపెట్టిన టీచర్ని ఎవరు వదులుకుంటారు? వచ్చే ఏడాదీ నువ్విక్కడే. ఈసారి ఉత్తరం రాస్తే నాకూ ఓ మాట చెప్పు."

ఈ ఊళ్లో నాకంటూ ఎవరూ లేరనుకున్నానండీ. మీకూ, చిలకమ్మ గారికీ, నాకోసం పని మానుకుని వచ్చిన అందరికీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను.

మీ
హైందవి

తా.క. ఇవాళ ఇద్దరం పక్కపక్కనే కూర్చుని తిన్నాం. నేను పెరుగన్నం కాస్త వదిలేసి లేవబోతే సుష్మిత చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "మొత్తం తినాలె టీచర్. ఎదిగే వయసు గద!"